రెండెకరాల గొలుసుకట్టు: కరువునూ కుండపోతనూ తట్టుకునేలా ఇల్లూ పొలమూ ఎలా వేసుకోవాలి

ఇంటి ప్లానుతో మొదలుపెట్టకండి. పట్నం వదిలి ఊరికి వచ్చి తిండి, నీళ్లు, కరెంటు వీలైనంత వరకు తామే సమకూర్చుకోవాలనుకునేవారు చేసే మొదటి తప్పు అదే. నేనూ చేశాను. వరంగల్ జిల్లా నర్సంపేట దగ్గర రెండెకరాల చల్కా (ఎర్ర ఇసుక) నేలలో, వేపచెట్టు నీడ బాగుందని పల్లపు మూలన ముగ్గు పోయించాను. మేస్త్రీ ఒకటే మాట అన్నాడు: "సార్, ఇది నీళ్లు నడిచే తోవ." నేను వినలేదు. రెండో వానాకాలంలో మా పిల్లలు వంటింట్లో కాగితం పడవలు వదిలారు.

వరంగల్ చుట్టుపక్కల ఏడాదికి సగటున 900 నుంచి 1000 మిల్లీమీటర్ల వాన పడుతుంది. ఆ అంకె చూస్తే దిగులు పడాల్సింది లేదు. చిక్కంతా అది పడే తీరులో ఉంది. 2023 జూలై 27 ఉదయానికి ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్లు నమోదైంది. అదే రోజు భూపాలపల్లి జిల్లా మోరంచపల్లిని వాగు ముంచెత్తితే జనం మిద్దెలెక్కారు, వారిని దించడానికి హెలికాప్టర్లు రావలసి వచ్చింది. ఆ వెంటనే వచ్చిన ఆగస్టు ఎలాంటిదో తెలుసా? దేశం మొత్తం మీద 1901 నుంచి అంత పొడి ఆగస్టు లేదని వాతావరణ శాఖ తేల్చింది. వరద బురద ఆరకముందే బెట్ట మొదలైందన్నమాట.

కాబట్టి మీ ప్లాను రెండు ప్రశ్నలకు జవాబు చెప్పాలి. ఒక్క రోజులో 600 మిల్లీమీటర్లు పడితే ఆ నీళ్లు ఎటు పోతాయి? నలభై రోజులు చుక్క పడకపోతే నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయి? రెండింటికీ కలిపి ఒకే జవాబును కాకతీయులు ఎనిమిది వందల ఏళ్ల కిందటే ఈ నేల మీద రాసిపెట్టారు. పై చెరువు మత్తడి (నిండాక నీళ్లు పొర్లే అలుగు) దూకితే కింది చెరువు నిండుతుంది, అది నిండితే ఆ కిందిది. పాకాల, రామప్ప, లక్నవరం వంటి పెద్ద చెరువులతో పాటు పేరు లేని ఊరి కుంటలు కూడా ఆ పద్ధతిలో కట్టినవే. మన రెండెకరాల్లో చేయవలసిందీ అదే, చిన్న కొలతలో.

మొదటి అడుగు: కాగితాలు

తాతల నాటి భూమి ఉంటే ఈ భాగం దాటేయండి. కొనేవారు మాత్రం బయానా ఇచ్చే ముందు నాలుగు విషయాలు చూసుకోవాలి. ఒకటి, పాసుపుస్తకంలోని పేరు, సర్వే నంబరు, విస్తీర్ణం భూ భారతిలో ఉన్నవాటితో సరిపోతున్నాయా అన్నది. 2025 ఏప్రిల్‌లో ధరణి స్థానంలో వచ్చిన భూ రికార్డుల పోర్టల్ ఇదే. పాత పహాణీలు, ఈసీ (ఆ భూమి మీద జరిగిన లావాదేవీల పత్రం) కూడా తీయించండి. రెండు, అది లావుణి పట్టా భూమి కాకూడదు. పేదలకు ప్రభుత్వం ఇచ్చిన అసైన్డ్ భూమిని కొంటే 1977 చట్టం ప్రకారం ఆ కొనుగోలు చెల్లదు, ఎన్ని తెల్లకాగితాలు రాసుకున్నా అంతే. మూడు, ములుగు, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లోని ఏజెన్సీ ప్రాంతాల్లో 1/70 చట్టం అమల్లో ఉంది. అక్కడ గిరిజనేతరులు భూమి కొనడం కుదరదు, అమ్మేవారూ గిరిజనేతరులే అయినా కుదరదు. "అందరూ కొంటున్నారు కదా" అనే మధ్యవర్తికి చాయ్ తాగించి పంపేయండి. నాలుగు, చెరువు శిఖం, ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండితే నీళ్లు వచ్చే) హద్దు. చవకగా వస్తున్న నల్లని పల్లపు భూమి నవంబరులో చెరువు ఒడ్డులా, ఆగస్టులో చెరువులా ఉంటుంది.

సర్వేయర్‌తో హద్దురాళ్లు పాతించేటప్పుడు పక్క పొలాల వారిని పిలవండి. రేపు మీ మత్తడి నీళ్లు వారి గట్టు మీదుగానే పోవాలి.

రెండో అడుగు: ఒక వానాకాలం ఊరికే చూడండి

అందరికీ కష్టంగా అనిపించే అడుగు ఇది. చేతిలో డబ్బు ఉంటుంది, జేసీబీ పక్క ఊళ్లోనే ఉంటుంది, చేతులు ఊరుకోవు. అయినా జూన్ నుంచి అక్టోబరు దాకా ఏమీ కట్టకండి.

నిలువు గోడలున్న డబ్బా ఒకటి బయట చదును చోట పెట్టి, రోజూ ఉదయం ఎనిమిదింటికి స్కేలుతో కొలిచి నోటుబుక్కులో రాయండి. మండల కేంద్రంలోని యంత్రం చూపే అంకెకూ మీ పొలంలో పడిన వానకూ ఎంత తేడా ఉంటుందో మీకే తెలుస్తుంది. పెద్ద వాన పడుతున్నప్పుడు ఇంట్లో కూర్చోకుండా గొడుగు వేసుకుని కొయ్యమేకులు పట్టుకుని బయలుదేరండి. ఉరుములు లేకపోతేనే సుమా. పిడుగు ముప్పు ఎంత దగ్గరలో ఉందో దామిని యాప్ చెబుతుంది. నీళ్లు ఎక్కడ లోపలికి వస్తున్నాయి, ఎక్కడ నిలుస్తున్నాయి, ఎక్కడ బయటికి పోతున్నాయి చూసి ఆ చోట్ల మేకులు దిగ్గొట్టండి. ఆ మేకులే మీ అసలు ప్లాను. కాగితం మీద ఇంజినీరు గీసేది దానికి నకలు.

ఊళ్లో డెబ్బై దాటిన ఇద్దరు ముగ్గురిని కూర్చోబెట్టుకుని అడగండి. ఈ పొలంలో మోకాలి లోతు నీళ్లు ఎప్పుడు నిలిచాయి, ఏ బావి ఎండాకాలంలోనూ ఊరేది, ఇక్కడ ఒకప్పుడు ఏ పంట వేసేవారు. ఈ కబుర్లు ఉచితం, వాటిలో దొరికేది మాత్రం కన్సల్టెంట్లు కూడా ఇవ్వలేరు.

నేల పరీక్ష కూడా ఈ కాలంలోనే చేయించండి. పొలంలో ఎనిమిది, పది చోట్ల జానెడు లోతు దాకా మట్టి తీసి, కలిపి, నాలుగు భాగాలు చేస్తూ చివరికి అరకిలో మిగల్చండి. మామునూరు, మల్యాల కృషి విజ్ఞాన కేంద్రాల్లో అడిగితే ఎక్కడ ఇవ్వాలో చెబుతారు. ఇంకో పరీక్ష మీరే చేసుకోవచ్చు. రెండడుగుల గుంత తవ్వి నీళ్లు నింపండి. గంటలో ఇంకిపోతే అక్కడ నీళ్లు నిలిచే కుంట ఆశ వదులుకోండి. మర్నాటి దాకా నిలిస్తే అక్కడ చెట్లు పెట్టకండి, వేర్లు కుళ్లుతాయి.

మూడో అడుగు: గొలుసు గీయండి

ఒక లెక్క గుర్తుంచుకుంటే చాలు. చదరపు మీటరు చోట ఒక మిల్లీమీటరు వాన పడితే లీటరు నీళ్లు. ఎకరం అంటే 4047 చదరపు మీటర్లు, కాబట్టి 900 మిల్లీమీటర్ల వాన ఎకరం మీద 36 లక్షల లీటర్లు పోస్తుంది. నీళ్లు లేవని వాపోయే పొలంలో ఇన్ని నీళ్లు పడి పోతున్నాయి.

గొలుసులో మొదటి కొస ఇంటి కప్పు. వెయ్యి చదరపు అడుగుల మిద్దె మీద ఏడాదిలో పడే వానలో ఆవిరి, చిందులు పోను 65 వేల లీటర్లు పట్టవచ్చు. అంతా దాచాల్సిన పని లేదు. నలుగురికి తాగడానికి, వంటకు మనిషికి పది లీటర్ల చొప్పున రోజుకు 40 లీటర్లు చాలు. పదివేల లీటర్ల సంపు నిండుగా ఉంటే 250 రోజులు వస్తుంది, అంటే అక్టోబరు నుంచి మళ్లీ మృగశిర దాకా. మొదటి రెండు వానల నీళ్లు సంపులోకి పోనివ్వకుండా పక్కకు మళ్లించే మూత తప్పనిసరి, లేకపోతే ఎండాకాలమంతా మిద్దె మీద పేరుకున్న రెట్టలు, దుమ్ము తాగాల్సి వస్తుంది. వడకట్టి, కాచి తాగండి. బోరు నీళ్లే తాగాలనుకుంటే ముందు ఫ్లోరైడ్ పరీక్ష చేయించండి, లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే అవి మొక్కలకే.

సంపు నిండాక పొర్లే నీళ్లు రెండో మెట్టులోకి వెళ్లాలి. పొలం వాలుకు అడ్డంగా, సమమట్టంగా తవ్విన కందకాలు అవి. అడుగున్నర వెడల్పు, అడుగున్నర లోతు చాలు. తవ్విన మట్టిని దిగువ వైపు గట్టుగా పోయండి. మట్టం చూడటానికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు, మేస్త్రీలు వాడే నీళ్ల లెవల్ పైపు చాలు. కందకం ఒక కొస కాస్త కిందికి ఉన్నా అది కాలువైపోయి మట్టిని కోసుకుపోతుంది, కాబట్టి ఈ పనిలో తొందర వద్దు. గట్ల మీద కంది, మునగ, సీతాఫలం, గ్లిరిసిడియా వేయండి.

మూడో మెట్టు కుంట. ఇక్కడ చాలామంది ఒకే పెద్ద కుంట తవ్వి, చల్కా నేలలో నీళ్లు నిలవడం లేదని తిట్టుకుంటారు. రెండు తవ్వండి. పైది చిన్నది, ఏ కవరూ వేయనిది. అది ఇంకే కుంట, బోరుకు ఊట ఇస్తుంది. కిందిది 500 మైక్రాన్ల ప్లాస్టిక్ షీటు పరిచినది. అది నిలిచే కుంట. పైన 20 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల లోతు, ఒకటికి ఒకటిన్నర వాలుతో తవ్వితే 7.4 లక్షల లీటర్లు పడతాయి. నాలుగు గుంటల నేల పోతుంది (ఎకరానికి నలభై గుంటలు). మా ఇంట్లో ఆ నాలుగు గుంటల మీద నెల రోజులు గొడవ జరిగింది. ఇప్పుడు ఎవరూ ఆ మాట ఎత్తడం లేదు. నల్లరేగడి అయితే షీటు ఖర్చు మిగులుతుంది. ఎండాకాలంలో తెరిచి ఉన్న నీళ్లు రోజుకు దాదాపు సెంటీమీటరు ఆవిరవుతాయి. అందుకే వెడల్పు కంటే లోతుకు డబ్బు పెట్టండి, పడమటి గట్టున చెట్లు పెంచండి.

ఇక అందరూ మరచిపోయేది మత్తడి. 2023లో ఎన్నో చెరువులకు గండ్లు పడ్డాయి. నీళ్లు కట్ట దాటి పొర్లితే మట్టికట్ట ఏదీ నిలబడదు. మీ కుంటకు కట్ట పైభాగం కంటే కనీసం అడుగున్నర దిగువన, రాయి పరిచిన మత్తడి ఉండాలి. మీ రెండెకరాల నీళ్లకే అయితే మీటరు వెడల్పు సరిపోతుంది, పై పొలాల నీళ్లు కూడా వచ్చి చేరుతుంటే మూడు మీటర్లకు తగ్గవద్దు. అక్కడి నుంచి దూకిన నీళ్లు పాత వాగులోకో ఊరి చెరువు కాలువలోకో పోవాలి, పక్కవారి పత్తిలోకి కాదు.

కుంట చుట్టూ కంచె, తాళం ఉన్న గేటు ముందు పెట్టి, ఆ తర్వాతే నీళ్లు నింపండి. షీటు వేసిన కుంటలో పడితే ఈత వచ్చినవారు కూడా జారుతూ పైకి రాలేరు. నాలుగు వైపులా పాత టైర్లు కట్టిన మోకులు గట్టు నుంచి నీళ్లలోకి వేలాడదీయండి. ఈ ఒక్క పనిని రేపటికి వాయిదా వేయకండి.

బోరు గొలుసులో ఆఖరిది. వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం కింద అనుమతి తీసుకోవాలి. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని పొలమంతా నడిచిన పెద్దమనిషి చూపించిన చోట మేము 380 అడుగులు వేయించాం. తెల్లటి రాతిపొడి లేచింది, ఊరంతా చూసింది. మన కింద ఉన్నది గట్టి రాయి. ఆ రాతి పగుళ్లలో నీళ్లుంటేనే బోరు, ఆ పగుళ్లలోకి నీళ్లు పంపేది మీ ఇంకే కుంట. కుంటలు తవ్విన రెండు వానాకాలాల తర్వాత ఆలోచించండి, అవసరమే ఉండకపోవచ్చు.

నాలుగో అడుగు: ఇప్పుడు ఇల్లు

మేకులు చూపించిన నీటి దారికి దూరంగా, పొలంలో ఎత్తైన చోటుకు కాస్త కిందుగా ముగ్గు పోయండి. మరీ శిఖరాన కడితే గాలిదుమారం కప్పును పరీక్షిస్తుంది. 2023 వరద ఆ చుట్టుపక్కల ఎక్కడిదాకా వచ్చిందో అడిగి, దానికి పైన మరో మూడడుగులు పునాది లేపండి. స్విచ్ బోర్డులు నడుము ఎత్తుకు తగ్గకుండా పెట్టించండి.

పొడవు తూర్పు పడమరలుగా, గుమ్మాలు కిటికీలు ఉత్తర దక్షిణాలకు ఉండాలి. పడమటి గోడకు కిటికీ వద్దు, అటు వైపు వరండానో స్టోరు గదో పెట్టి, బయట కానుగ, వేప నాటండి. మే నెలలో 45 డిగ్రీలు దాటే చోట ఇది అలంకారం కాదు, నిద్ర. మట్టిగోడలు, డంగు సున్నం, పెంకుటిల్లు అన్నింటికంటే చల్లన అని పుస్తకాలు చెబుతాయి, నిజమే. కానీ ఉత్తర తెలంగాణలో పెంకులు ఎందుకు మాయమయ్యాయో ఊళ్లో ఎవరినైనా అడగండి: కోతులు. ఒక గుంపు వచ్చి పోతే ఇరవై పెంకులు పగులుతాయి. కాబట్టి గోడలు మందంగా, మట్టివో సున్నంవో కట్టుకుని, పైన స్లాబు వేసి, ఏటా ఫిబ్రవరిలో తెల్లసున్నం రెండు పూతలు వేయడం నా సలహా. తెలంగాణ ప్రభుత్వం 2023లో తెచ్చిన కూల్ రూఫ్ విధానం చెప్పేదీ ఇంచుమించు ఇదే: కప్పు తెల్లగా ఉంటే ఎండ వెనక్కి పోతుంది.

ఐదో అడుగు: గిన్నెలోంచి నేలకు

నేల ఎంత ఉందో చూసి పంట లెక్కేసేది వ్యాపారం. తినేదెంతో చూసి నేల లెక్కేసేది సంసారం. నలుగురు తినే ఇంటికి ఏడాదికి బియ్యం, జొన్నలు కలిపి 450 కిలోలు, పప్పులు 70 నుంచి 75 కిలోలు, నూనె 50 కిలోలు, ఎండుమిరప పది కిలోల పైన కావాలి.

వరి దగ్గరే అందరూ బోల్తా పడతారు. ఎకరం వరికి అటూ ఇటూగా 48 లక్షల లీటర్లు పోతాయి, మీ కుంటలో ఉన్నది 7.4 లక్షలు. అందుకని వరి పది గుంటలకు మించవద్దు. ఆ పది గుంటలకు కావలసిన 12 లక్షల లీటర్లలో ఎనిమిది దాకా వానే ఇస్తుంది, మిగతా నాలుగు లక్షలు కుంట ఇస్తుంది. గుంటకు 45 కిలోల చొప్పున 450 కిలోల వడ్లు, పట్టిస్తే దాదాపు 300 కిలోల బియ్యం. తెలంగాణ సోనా 125 రోజుల్లో వస్తుంది కాబట్టి నీళ్లు కలిసొస్తాయి. మిగిలిన 150 కిలోల లోటును జొన్న తీర్చాలి. వారానికి మూడు రాత్రులు రొట్టె తినడానికి ఇల్లంతా ఒప్పుకుంటేనే ఈ లెక్క కుదురుతుంది. మా అబ్బాయి ఇప్పటికీ పూర్తిగా ఒప్పుకోలేదు.

నూనెకు పల్లి. వంద కిలోల కాయ ఒలిస్తే 70 కిలోల గింజ, గానుగ ఆడిస్తే 28 కిలోల నూనె. 50 కిలోల నూనెకు 180 కిలోల కాయ కావాలి, తొమ్మిది పది గుంటలు. మిగిలిన పల్లి చెక్క ఆవులకు.

ఈ లెక్కతో మా 80 గుంటలు ఇలా పడ్డాయి: ఇల్లు, కల్లం, కొట్టం కలిపి 6, కుంటలు 6, వరి 10, పల్లి 10, కంది జొన్న పెసర నువ్వులు కలిసిన మెట్ట 25, పండ్ల చెట్లు 10, కూరగాయలు 5, పశుగ్రాసం 6, దారులు గట్లు 2. మీది ఇలాగే ఉండాలని లేదు. నల్లరేగడి ఉంటే పల్లి తగ్గించి శనగ పెంచండి. ఎకరమే ఉంటే వరి పూర్తిగా వదిలేసి బియ్యం కొనుక్కోండి, ఆ నీళ్లతో కూరగాయలు, పప్పులు, పాడి చూసుకోండి. బియ్యం ఎప్పుడైనా దొరుకుతాయి, మే నెలలో మందు కొట్టని బీరకాయ దొరకదు.

కూరగాయలు వానాకాలంలో ఐదు గుంటల్లో, ఎండాకాలంలో రెండు గుంటల్లోనే. రెండు గుంటలకు బిందు సేద్యంతో రోజుకు వెయ్యి లీటర్లు, తొంభై రోజులకు 90 వేలు. చుట్టూ మొక్కజొన్నో కందో గోడలా పెంచి, పైన సగం నీడ ఇచ్చే వల కట్టి, మొదళ్లలో వరిగడ్డి మందంగా పరిస్తే వంగ, బెండ, గోరుచిక్కుడు ఏప్రిల్ దాటుతాయి. టమాట దాటదు. జనవరి, ఫిబ్రవరిలో విరగకాసినప్పుడే ఒరుగులు చేసుకోండి. పుంటికూర, గంగవాయిలి ఎవరూ పెంచకపోయినా వస్తాయి, పీకి పారేయకండి.

ఆరో అడుగు: రెండు రకాల వానకూ విత్తడం

మృగశిర రోజు నాలుగు చినుకులు పడగానే విత్తనాల బస్తా విప్పకండి. మీ డబ్బాలో మొత్తం 60 నుంచి 70 మిల్లీమీటర్లు చేరి, నేల జానెడు లోతు తడిశాకే విత్తండి. నోటుబుక్కు పనికొచ్చేది ఇక్కడే. మేఘదూత్ యాప్‌లో మంగళ, శుక్రవారాల్లో జిల్లా వారీగా వ్యవసాయ సలహా వస్తుంది, చూసుకోండి.

మెట్టలో చదును మళ్లు వద్దు. బోదె, కాలువ తీసి బోదె మీద విత్తండి. కుండపోతలో కాలువ నీళ్లను తీసుకుపోతుంది, బెట్టలో కాలువ అడుగున తేమ ఉంటుంది. ఒకే పంట వద్దు. పెసర 65 రోజుల్లో ఇంటికి వస్తుంది, జొన్న నాలుగు నెలలకు, కంది ఆరు నెలలకు. ఏ నెలలో వాన ముఖం చాటేసినా మూడింటిలో ఒకటి రెండు బతుకుతాయి. కందిలో వరంగల్ ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం ఇచ్చిన డబ్ల్యూఆర్‌జీ-65 (రుద్రేశ్వర) మన నేలలకు తయారైనదే. విత్తనం మొత్తం ఒకేసారి వాడేయకుండా మూడో వంతు దాచండి, మొదటి విత్తు ఎండిపోతే అప్పు చేయకుండా మళ్లీ వేయవచ్చు.

చల్కా నేలకు ఊరి చెరువు పూడిక మట్టిని మించిన మందు లేదు. ఎండాకాలంలో చెరువు తవ్వుతుంటే ట్రాక్టరు కిరాయి పెట్టుకుని తోలించండి. మిషన్ కాకతీయ రోజుల్లో తోలించుకున్నవారి పొలాలు ఇప్పటికీ బెట్టకు రెండు మూడు రోజులు ఎక్కువ ఆగుతున్నాయి.

ఏడో అడుగు: కొట్టం

రెండు పశువులకు మించవద్దు. ఆరు గుంటల గడ్డి, జొన్న చొప్ప, వరిగడ్డి, గట్ల మీది అవిశె, సుబాబుల్ అంతకే సరిపోతాయి. ఐదింటిని కట్టేసి మేత కొనేవాడు పాల వ్యాపారి, అది వేరే కథ. రెండు పశువుల పేడ రోజుకు 20 కిలోల పైన వస్తుంది, ఒక ఘనపు మీటరు గోబర్ గ్యాస్ నడుస్తుంది, ఒక పూట వంట. పూర్తి వంటకు సిలిండరు ఉంచుకోండి, సిగ్గుపడాల్సిందేమీ లేదు.

జీవామృతం కొలత: పది కిలోల పేడ, అయిదు నుంచి పది లీటర్ల మూత్రం, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల శనగపిండి, గట్టు మీది మట్టి గుప్పెడు, 200 లీటర్ల నీళ్లు. నీడలో 48 గంటలు, రోజుకు రెండుసార్లు కలపాలి. ఎకరానికి సరిపోతుంది. పురుగుకు అయిదు శాతం వేపగింజల కషాయం: అయిదు కిలోల పప్పు దంచి పది లీటర్ల నీళ్లలో రాత్రంతా నానబెట్టి, వడకట్టి, వంద లీటర్లు చేసి సాయంత్రం చల్లాలి. వేపకాయలు జూన్, జూలైలో రాలతాయి, అప్పుడే ఏరి ఎండబెట్టుకోవాలి.

కోళ్లలో హైదరాబాద్‌లోనే తయారైన వనరాజ, గ్రామప్రియ పెరట్లో తిరిగి బతుకుతాయి. ఏడో రోజున కొక్కెర తెగులు టీకా మాత్రం వేయించండి.

ఎనిమిదో అడుగు: కోతులు

స్వయం సమృద్ధి గురించి రాసేవారు వీటి గురించి ఎందుకు రాయరో నాకు అర్థం కాదు. మన వైపు ఊళ్లలో జామ, మక్క, పల్లి వదిలేసినవారిని అడిగితే వాన సంగతి కాదు, కోతుల సంగతే చెబుతారు. టపాసులు, పులి బొమ్మలు వారం రోజులు పని చేస్తాయి, ఎనిమిదో రోజు పులి నెత్తిన కోతి కూర్చుంటుంది. పని చేసేవి మూడు: పైన కూడా మూసిన ఇనుప వల గది, కూరగాయల్లో ఒక గుంటకైనా. అడవి పందులకూ పనికొచ్చే సోలార్ కంచె. పగలంతా పొలంలో ఉండే మనిషి, కుక్క. దూరంగా ఉన్న మళ్లలో పసుపు, అల్లం వేయండి, వాటి జోలికి పెద్దగా రావు. కరెంటు తీగను నేరుగా కంచెకు తగిలించే పని మాత్రం ఎవరు చెప్పినా చేయకండి. అది నేరం, దానికి బలయ్యేది తెల్లవారుజామున పొలానికి వచ్చిన పక్కింటి మనిషి.

తొమ్మిదో అడుగు: కరెంటు

మూడు కిలోవాట్ల సోలార్‌కు పీఎం సూర్యఘర్ కింద 78 వేల రూపాయల రాయితీ ఉంది. ఒక కిలోవాటు రోజుకు సుమారు నాలుగు యూనిట్లు ఇస్తుంది. ఒక సంగతి అమ్మేవారు చెప్పరు: బ్యాటరీ లేని మామూలు సోలార్, లైను కరెంటు పోగానే తానూ ఆగిపోతుంది. లైను మీద పని చేసేవారి ప్రాణం కోసం అలా పెట్టారు. గాలివానకు మూడు రోజులు కరెంటు రాకపోయినా బల్బు, ఫోను, చిన్న మోటారు నడవాలంటే హైబ్రిడ్ ఇన్వర్టరు, బ్యాటరీ అడగండి.

పదో అడుగు: డబ్బు, ఊరు

ఉప్పు, మందులు, ఫీజులు, ఫోను బిల్లు ఏ పొలంలోనూ పండవు. మొదటి మూడేళ్లు ఇంట్లో ఒకరి జీతమో బయటి ఆదాయమో ఉండాలి, అప్పు చేసి మొదలుపెట్టకండి. నగదుకు అయిదు పది గుంటల మిరప సరిపోతుంది. కారం తక్కువ, రంగు ఎక్కువ ఉండే వరంగల్ చపాటా మిరపకు 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మందులు కొట్టకుండా పండించి, పొడి చేసి తెలిసినవారికి అమ్మితే ఎనుమాముల మార్కెట్లో బస్తా పెట్టుకుని ఎదురుచూసే పని ఉండదు. ఆ గుంటలు మెట్టలోంచి తీసుకోండి.

గిర్ని, గానుగ, ట్రాక్టరు, పశువుల డాక్టరు ఊళ్లో ఉంటే మీ ఇంట్లో ఉన్నట్టే. కంచె వేసి ఊరికి వీపు పెట్టినవారి పొలాలు రెండో ఏడు అమ్మకానికి రావడం చూశాను. పైవాడు మందు కొడితే మీ కుంటలోకి వస్తుంది, కిందివాడు వాగు పూడిస్తే మీ వరి మునుగుతుంది. జనగామ జిల్లా ఏనబావి ఒక రైతు వల్ల రసాయనాలు మానలేదు, ఊరంతా కలిసి మానింది. గీసుగొండ దగ్గరి గంగదేవిపల్లిలో నీళ్లకు ఒక కమిటీ, పారిశుద్ధ్యానికి ఒక కమిటీ అంటూ అన్నింటినీ ఊరివారే నడిపారు. వెళ్లి చూసి రండి, రెండూ ఒక్క రోజులో అవుతాయి.

ఏ ఏడు ఏ పని

మొదటి ఏడు: చూడటం, కాగితాలు, నేల పరీక్ష, దసరా తర్వాత కందకాలు. అద్దెకు ఊళ్లోనే ఉండండి. రెండో ఏడు: ఎండల్లో కుంటలు, కంచె, తొలకరిలో చెట్లు, పెసర కంది. మూడో ఏడు: సంక్రాంతి దాటాక ఇల్లు, సంపు. నాలుగో ఏడు: పశువులు, కోళ్లు, సోలార్. వరి నాలుగో ఏడు దాకా వద్దు, కుంట రెండు వానాకాలాలు నిండి చూపించాలి.

ఆ తర్వాత ప్రతి ఏడూ రోహిణి కార్తెలో, రోళ్లు పగిలే ఎండలోనే, ఒక పని ఉంటుంది. తెల్లవారుజామున గొడ్డలి, పార తీసుకుని పై నుంచి కిందికి గొలుసంతా నడవండి. మిద్దె మీద ఆకులు ఊడ్చండి, సంపు కడగండి, కందకాల్లో పూడిక ఎత్తి చెట్ల మొదట్లో పోయండి. మత్తడిలో తుమ్మ మొక్కలు మొలిచి ఉంటాయి, వేర్లతో సహా తీసేయండి. టైర్ల మోకులు లాగి చూడండి. డబ్బా కడిగి బోర్లించి ఉంచి, నోటుబుక్కులో కొత్త పేజీకి తేదీ వేయండి.